అరవేలు ఎత్తు

నల్లపాడులో మా గొడ్లదొడ్డి గేటు
మూడేళ్లుగా ముక్కు నేలకేసుకుని తిరిగింది.
తీసినప్పుడల్లా మట్టిలో సగం సున్నా గీసేది,
వేసినప్పుడల్లా దాన్నే మళ్లీ దిద్దేది.
ఆ గాడిలో వాననీళ్లు నిలిచేవి,
కోడిపిల్లలు అక్కడే తాగేవి.

మా చుక్కబర్రెకి అదొక గేటని ఎప్పుడూ అనిపించలేదు.
కొమ్ము దూర్చి, కాస్త పైకెత్తి,
బందులోంచి ఊడదీసుకుని
పక్కవాళ్ల జొన్నచేలోకి పోయేది.
జొన్న అది తినేది, తిట్లు నేను తినేదాన్ని.

సిలార్ సాహెబ్ సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా అన్నాడు:
"గేటుదేం తప్పు లేదమ్మా. గుంజది."
నల్లరేగడి కదా.
వానకి ఉబ్బుతుంది, ఎండకి నోరు తెరుస్తుంది,
మధ్యలో ఏది పాతినా దాని పళ్లలో పుల్ల.
రైల్వే వేలంలో కొన్న స్లీపరు కట్టె,
మోకాల్లోతు పాతి చాలనుకున్నాం.
నడుంలోతు తవ్వించాడు.
అడుగున కంకర, కంకర మీద గుంజ,
చుట్టూ గ్రావెల్ జానెడు జానెడు పోసి
గడ్డపార మొద్దు కొసతో కుమ్మించాడు.
కుమ్మింది నాగూరు, పదోతరగతి తప్పి
పనిలో చేరినవాడు.
"ఎంతసేపు మావా?"
"చప్పుడు మారేదాకా."
మారింది. నాక్కూడా వినపడింది,
కుండ మీద పడుతున్న దెబ్బ రోటి మీద పడ్డట్టు.

తూకపుగుండు ఇంట్లో మరిచిపోయొచ్చారు.
నాగూర్ని తిడతాడనుకున్నా. తిట్టలేదు.
గేటుకి వెయ్యాలని పట్నంబజార్లో కొన్న
ఇత్తడి తాళంకప్పనే పురికొసకి కట్టి
గుంజ పక్కన వేలాడదీశాడు.
ఊగింది, ఊగింది,
మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం,
గుంటూరు ప్యాసింజరు పోతుంటే మళ్లీ కాస్త వణికింది,
ఆగింది.
ఇక ఆ తాడు చెప్పిందే మాట.

తర్వాత గేటుని నేలమీద పడుకోబెట్టి
ఈ మూల నుంచి ఆ మూలకి పురికొస లాగి ముడేశాడు.
అదే కొలత ఎదురుమూలకి పెడితే
రెండువేళ్లు చాల్లేదు.
"చూశావా, ఒళ్లు వంకరపోయింది."
పాత వడ్రంగి దన్నుకర్రని
పైబందు నుంచి కిందికి దింపాడట.
"బిందె చంకనెత్తుకుంటే బరువు ఎక్కడికి పోద్ది?"
నడుం మీదికి, అన్నా.
"ఆడ్నించి?"
కాలికి.
"మరి దన్ను కాలికాడ మొదలవ్వాలా, భుజంకాడా?"
ముప్పయ్యేళ్లు నీళ్లు మోశాను,
నా ఒంట్లో వడ్రంగం ఉందని అప్పుడే తెలిసింది.

కర్ర తిప్పి బిగించాడు,
కింద బందు మూల నుంచి పైన గడియ మూలకి.
మరలకి బట్టలసబ్బు రాస్తే
ఎండిన తుమ్మలోకి కిక్కురుమనకుండా దిగాయి.
గేటు కింద కడపరాయి ముక్కలు, వాటి మీద చెక్కచీలలు.
చీలని తడితే గేటు వెంట్రుకంత లేస్తుంది,
లాగితే వెంట్రుకంత దిగుతుంది.
పైబందు మేకుని తలకిందులుగా బిగించాడు.
ఎత్తితే ఊడదు ఇంక, అని బర్రె వైపు చూసి నవ్వాడు.

అంతా అయ్యాక దూరంగా నిలబడి చూస్తే
గడియ వైపు అరవేలు ఎత్తుగా ఉంది.
వంకరగా ఉందే, అన్నా.
"ఉండనీ. వేలాడేదేదైనా కాస్త ఒంగుద్ది.
ఆ ఒంగేదేదో ముందే ఇచ్చిపెట్టాలి."
డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.
చీలలు మాత్రం ఒకటీ రెండూ మూడూ నాలుగని
లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాడు.

శ్రావణమాసానికి ఆ అరవేలు దిగిపోయింది.
పైబద్ద మీద గోళీ పెడితే దొర్లడం లేదు,
పక్కింటి పిల్లలు పెట్టి చూశారు.
చుక్కబర్రె కొమ్ము దూర్చింది, ఎత్తింది,
మళ్లీ ఎత్తింది,
నా వైపు చూసింది.

నేను కోడిపిల్లలకి
కొబ్బరిచిప్పలో నీళ్లు పోస్తున్నాను.